నాగలి పట్టని పిల్లలకు గున్నమ్మ కథ

అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం ఒక ఆడమనిషి తుపాకీకి ఎదురెళ్ళిందంటే ఇవాళ్టి పిల్లలకు అర్థమవుతుందా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ బడికైనా వెళ్ళి వీరగున్నమ్మ ఎవరని అడగండి. పేరు చెప్పేవాళ్ళుంటారు, 1940 ఏప్రిల్ 1 అని తేదీ చెప్పేవాళ్ళూ ఉంటారు. కట్టె కోసం అంత గొడవ ఎందుకయిందని అడిగితే మాత్రం మాట ఆగిపోతుంది. వాళ్ళనేమీ అనడానికి లేదు. గ్యాస్ పొయ్యి, ట్రాక్టరు మధ్య పుట్టిన పిల్లలకు అడవంటే మహేంద్రగిరి వైపు దూరాన కనిపించే పచ్చదనమే.

1940 నాటి రైతు ఇంట్లోకి ఒకసారి తొంగిచూడాలి. నాగలి, మేడి, కాడి, బండి చక్రం, ఇంటి దూలం, దొడ్డి కంచె, పొయ్యిలో కట్టె, అన్నీ అడవి నుంచి రావాల్సినవే. ఒక్క కర్రు మాత్రం ఇనుము. ఆ అడవి మీద మందస జమీందారు ఆంక్షలు పెట్టాడంటే వచ్చే ఏడు దుక్కి మీద పెట్టినట్టే. ఆ ఏడాది మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ ఊపుతో రైతులు అడవికెళ్ళి కట్టె కొట్టారు. నాయకుల్ని పట్టుకోవడానికి వచ్చిన పోలీసులకు గుడారి రాజమణిపురం జనం అడ్డం నిలబడ్డారు. ముందువరసలో సాసుమాన గున్నమ్మ. కాల్పుల్లో ఆమె, మరో నలుగురు చనిపోయారు. అప్పటికామె నిండు గర్భిణి అని ఊళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటాయి. అక్కడ స్తూపం ఉంది, ఏటా సభ జరుగుతుంది, దండలు పడతాయి.

స్తూపం పేరు చెబుతుంది, తేదీ చెబుతుంది. కట్టె ఎందుకో అది చెప్పలేదు. ఆ పని చేయగలిగింది సజీవ చరిత్ర. అంటే పాతకాలపు పనిని, మాటను, తిండిని, తగువును మనుషులే మళ్ళీ చేసి చూపడం, చూడవచ్చినవాళ్ళ చేత చేయించడం. స్వీడన్‌లో ఆర్తుర్ హజేలియస్ అనే ఆయన 1891లో స్టాక్‌హోమ్‌లో స్కాన్‌సెన్ తెరిచాడు. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్ళను ఊడదీసి తెచ్చి అక్కడ తిరిగి నిలబెట్టాడు. వాటిలో మనుషుల్ని, పశువుల్ని, పనిముట్లను ఉంచాడు. ఫ్యాక్టరీలు వచ్చి పల్లె బతుకు చెదిరిపోతోందన్న దిగులు ఆయనది.

మనకిది కొత్తేమీ కాదు. కారెంపూడిలో, నాగులేరు ఒడ్డున, ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఐదు రోజుల పేర్లు వరసగా చదివితేనే 12వ శతాబ్దపు యుద్ధం సగం అర్థమవుతుంది. వీరాచారం పాటించే కుటుంబాలవాళ్ళు కొణతాలనే ఆయుధాలు మోసుకుని ఊళ్ళ నుంచి తరలివస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. అన్ని కులాలవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్న చాపకూడును ఉత్సవంలో ఇప్పటికీ పెడతారు. బ్రహ్మనాయుడు ఏం చేశాడో, మాల కన్నమదాసు సేనాపతి కావడం ఆ కాలానికి ఎంత పెద్ద మాటో, ఆ పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసిన పిల్లవాడికి తెలుస్తుంది. ఇందులో భక్తి ఎంత, చరిత్ర ఎంత అని పండితులు అడుగుతారు. అడగాల్సిందే. శ్రీనాథుడు ఈ కథ రాసిందే యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల పైచిలుకు తర్వాత. అయినా ఇన్ని వందల ఏళ్ళుగా ఒక ప్రాంతం తన గతాన్ని ఒంటి మీద వేసుకుని మోస్తోంది. పాఠ్యపుస్తకానికి అంత బలం లేదు.

ఉత్తరాంధ్రకూ తన గొంతు ఉంది. జముకు చిన్న వాయిద్యం. ఒక పక్క తోలు, దాని నడుమ నుంచి వచ్చే తీగ. తీగను బిగబట్టి మీటుతూ, పట్టు సడలిస్తూ పోతే నవ్వూ ఏడుపూ రెండూ పలుకుతుంది. ఎల్లమ్మ కథ చెప్పిన ఆ జముకుతోనే బొడ్డపాడులో అర్చకుడిగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో రైతుల కథ చెప్పారు. ఆయన నడిచిన రాజకీయ మార్గం మీద ఎవరి అభిప్రాయం వారికుండవచ్చు. ఈ నేల మీద చరిత్ర జనానికి ఎలా చేరుతుందో మాత్రం ఆయన పట్టుకున్నారు.

ఉద్దానంలోని అక్కుపల్లి తీరానికి సెలవు రోజుల్లో జనం వస్తారు. కెరటాలు చూస్తారు, కొబ్బరి నీళ్ళు తాగుతారు, ఫొటోలు దిగుతారు, వెళ్ళిపోతారు. వాళ్ళకు చూపించడానికి అక్కడ చాలా ఉంది. కొబ్బరి పీచు పేనే చేతులున్నాయి. పెద్దవల లాగడం తెలిసిన మత్స్యకారులున్నారు. పలాస జీడిపిక్కను కాల్చి, కొట్టి, పప్పు చిట్లకుండా తీసే ఆడవాళ్ళున్నారు. దక్షిణాన నౌపడ ఉప్పుమళ్ళు ఉన్నాయి. ఉప్పు ఎండలో పేరుకునేదాకా పడే పాటు చూశాక, దాని మీద పన్ను వేయడం జనాన్ని ఎందుకంత మండించిందో వేరే చెప్పక్కర్లేదు.

చుట్టిల్లు సంగతీ అంతే. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో నాటి విశాఖ జిల్లా హరిపురం చుట్టిల్లు ఉంది (మన మందస పక్కన ఉన్న హరిపురం వేరు). గుండ్రటి మట్టిగోడ గాలికి మూల దొరకనివ్వదు, కిందికి దిగిన తాటాకు చూరు వానను గోడదాకా రానివ్వదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకు కూల్చింది. ఆ రాత్రి చూసిన ఊళ్ళో ఒక చుట్టిల్లు కట్టి, గోడ మెత్తడం దగ్గర నుంచి పిల్లల చేత చేయిస్తే, తాతలు గాలితో ఎలా వేగారో చేతులకే తెలుస్తుంది.

ఇక్కడొక భయం ఉంది. ఇలాంటివి తొందరగా ముద్దొస్తాయి. తెల్ల పంచె, తలపాగా, ఎడ్లబండి షికారు, అరిటాకు భోజనం పెట్టి, ఇదే మన పూర్వీకుల బతుకు అంటారు. అమెరికాలో 18వ శతాబ్దపు విలియమ్స్‌బర్గ్ పట్నాన్ని 1920ల చివరి నుంచి పునర్నిర్మించారు. కమ్మరులు, దర్జీలు, గుర్రబ్బళ్ళు అన్నీ అమరాయి. ఆనాటి జనంలో సగం మంది నల్లవాళ్ళు, వారిలో అత్యధికులు బానిసలు. వాళ్ళ కథ చెప్పే ప్రయత్నం గట్టిగా మొదలైంది 1979లో. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని నటించి చూపితే పెద్ద నిరసన లేచింది. నిరసనకు వచ్చిన నాయకుల్లో ఒకరు ఆ ప్రదర్శన చూశాక మనసు మార్చుకున్నారు. నటించిన నల్లజాతి కళాకారులే ఆ పనికి పూనుకున్నారు, అది చాలా ముఖ్యం. బాధ ఎవరిదో వాళ్ళు చెబితేనే అది చరిత్ర అవుతుంది, మిగతావాళ్ళు చేస్తే వేడుకే.

అందుకే ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో దండలు వేశాక ఒక పూట దీనికివ్వాలి. వడ్రంగి బాడిసె పట్టి దుంగలోంచి నాగలి చెక్కాలి. పిల్లలు దాన్ని ఎత్తి చూడాలి, కాడి భుజానికెత్తుకోవాలి, ఒక చాలు దున్నాలి. ఆ తర్వాత, ఈ కర్ర నువ్వు కొట్టావా, ఎవరిని అడిగి కొట్టావ్ అని జమీందారు మనిషి వేషంలో ఎవరైనా గద్దించాలి. పిల్లలు ఏం జవాబిస్తారో విని తీరాలి.

కాల్పులు మాత్రం ఆడకూడదు. టపాకాయ చప్పుడుకు కిందపడే గున్నమ్మను చూస్తే పిల్లలు జడుసుకుంటారు, లేదా నవ్వుతారు. రెండూ ఆమెకు మర్యాద కాదు. పోలీసు బండి దారికి అడ్డం నిలబడిన దగ్గర నటన ఆపి, మిగతాది జముకు కథ చెప్పే ఆమెకు వదిలేయాలి. పోయిన ఐదుగురి పేర్లూ ఆమె నోట రావాలి. ఆ తర్వాత బడిపంతులు లేచి, జమీందారీల రద్దు చట్టం మద్రాసులో 1948లో వచ్చిందని, అప్పటిదాకా ఈ ఊళ్ళు ఎట్లా గడిపాయో చెప్పాలి.

ఇందులో ఏదీ డబ్బుకు ఆగేది కాదు, మనుషులకు ఆగుతుంది. 1940లో పదేళ్ళ పిల్లలు ఇప్పుడు తొంభై ఐదు దాటినవాళ్ళు. కర్ర నాగలి చెక్కిన వడ్రంగులూ ముసలివాళ్ళయిపోయారు. చుట్టిల్లు, వేషాలు, వేదిక తర్వాత చూసుకోవచ్చు. ముందు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, వాళ్ళ అరుగుల మీద కూర్చుని అడగాల్సినవి అడిగి రావాలి, ఈ వేసవి సెలవుల్లోనే.