చందుర్తి మెట్టచేలలో 1758 నాటి యుద్ధం

బొబ్బిలి యుద్ధానికి స్మారక స్తంభం ఉన్నది, కథాగానం ఉన్నది. దాని తరువాతి సంవత్సరం, 1758 డిసెంబరులో, పెద్దాపురానికి సమీపాన చందుర్తి దగ్గర ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి మధ్య జరిగిన పోరు ఫలితాన్ని బట్టి అంతకంటే పెద్దదే అయినా, దానికి అంతటి ప్రసిద్ధి దక్కలేదు. ఇది కోటను చుట్టుముట్టిన యుద్ధం కాదు, మెట్టనేలపై, అనగా వానను నమ్ముకొని పండించే ఎత్తు భూములపై, జరిగిన యుద్ధం కావడం ఇందుకు ఒక కారణం. కూలిన బురుజు దిబ్బగానైనా మిగులుతుంది కాని, చేలో పడిన అడుగుల జాడ మరుసటి దుక్కికే చెరిగిపోతుంది. అందుచేత ఈ రణరంగాన్ని ఆనాటి ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ వంటివారి రచనలలోనే వెతకవలసి వస్తున్నది.

1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అనగా కోస్తాలోని రెవెన్యూ జిల్లాలను, ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1758లో బుస్సీని వెనక్కి పిలిపించగానే, ఫ్రెంచివారి పెత్తనం వదిలించుకోదలచిన విజయనగరం రాజు ఆనంద గజపతి ఆంగ్లేయుల సహాయం కోరగా, మద్రాసులోని ఆంగ్ల అధికారులు వెనుకాడినా కలకత్తాలోని ఆంగ్ల గవర్నరు క్లైవు కర్నల్ ఫోర్డును సైన్యంతో విశాఖపట్నానికి పంపాడు. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇస్తానన్నాడు. ఆ సొమ్ము రాబట్టడం ఫోర్డుకు యుద్ధమంత కష్టమైంది.

పెద్దాపురం కోట కనుచూపు మేరలో విడిసిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌కు సుమారు 500 మంది ఐరోపావారు, 6,000 మంది సిపాయిలు, 30 ఫిరంగులు ఉండగా, ఫోర్డు సొంత బలం 470 మంది ఐరోపావారు, 1,900 మంది సిపాయిలు మాత్రమే. రాజు బలగం సంఖ్యకు ఎక్కువే గాని పోరుకు అక్కరకు రాలేదు. ఫోర్డు తన ఐరోపా దళాన్ని నడుమ నిలిపితే, ఎత్తుగా ఎదిగిన చేను వారిని పూర్తిగా కప్పివేసింది. ఆర్మ్ దానిని మొక్కజొన్న అన్నాడు. మెట్టపంటల తీరును బట్టి అది జొన్నచేను కావచ్చు. బెంగాలు సిపాయిలు ఎర్రకోట్లు తొడిగి ఉండడంతో ఫ్రెంచివారు వారినే ఐరోపా సైనికులనుకొని మీదపడ్డారు. సిపాయిలు చెదరి పరుగెత్తగా, వరుస తప్పి వెంటాడుతున్న ఫ్రెంచివారిపై చేను వెనుకనుండి వచ్చిన అసలు దళం పక్కనుండి తుపాకులు పేల్చింది. ఫిరంగులు, విడిది ఆంగ్లేయుల వశమయ్యాయి. కాన్‌ఫ్లాన్స్ రాజమహేంద్రవరానికి పారిపోయాడు.

1759 ఏప్రిల్‌లో ఫోర్డు మచిలీపట్నం కోటను కూడా పట్టుకోవడంతో, ఫ్రెంచివారితో పొత్తులో ఉన్న సలాబత్ జంగ్ మే నెలలో ఆంగ్లేయులతో సంధి చేసుకొని, తన రాజ్యంలో ఫ్రెంచివారికి చోటివ్వనని ఒప్పుకొన్నాడు.