చిలక ఛాతీ కొలత

"మామా, ఎస్ తీసుకోనా, ఎక్స్‌ఎస్ తీసుకోనా?"

కోదాడ నుంచి మేనల్లుడి ఫోన్. చొక్కా గురించేమో అనుకున్నాను. కాదట. వాడు పెంచుకుంటున్న సన్ కనూర్ చిలకకి హార్నెస్ కొంటున్నాడు. అంటే పక్షి ఒంటికి తొడిగే మెత్తటి పట్టీ, దానికో పొడుగాటి తాడు. రెక్కలు కత్తిరించకుండానే బయట తిప్పొచ్చు. "ఒక సైజు పెద్దది తీసుకుంటే తర్వాతైనా సరిపోతుంది కదా" అన్నాడు. బడి యూనిఫాం కొన్నప్పుడల్లా మా అక్క వాడికి చెప్పిన సూత్రమే ఇది. కానీ వాడి చిలక ఎదిగిపోయింది. ఇంక ఎదగదు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తాడు కట్టిన చిలక ఇంకొకటి గుర్తొచ్చింది.

మునగాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. నాకు అప్పుడు పదేళ్ళు. తాటి మోడు తొర్రలోంచి ఎవరో తీసిన రామచిలక పిల్ల మా ఇంట్లో పెరిగింది. పంజరంలో పాపం అనిపించి, ఓ మధ్యాహ్నం నేనే దాని కాలికి పురికొస కట్టి పెరట్లోకి తెచ్చాను. దానికి స్వేచ్ఛ ఇస్తున్నాననే అనుకున్నాను. దేనికో బెదిరి ఒక్కసారి లేచింది. పురికొస ఉన్నంత మేరే లేచింది. కిందపడ్డాక చూస్తే కాలు వేలాడుతోంది. మూడో రోజు పొద్దున చచ్చిపోయింది.

అమ్మమ్మ నన్ను కొట్టలేదు. రామదాసు కథ చెప్పింది. రామదాసు పుట్టిన నేలకొండపల్లి మాకు దగ్గరే, అందుకని ఆయన సంగతి ఇంట్లో మనిషి సంగతిలాగే చెప్పేవాళ్ళు. తానీషా కాలంలో భద్రాచలం గుడి కట్టించినందుకు గోల్కొండలో పన్నెండేళ్ళు ఖైదు చేశారు కదా, అంత భక్తుడికి అంత శిక్ష ఎందుకు? కిందటి జన్మలో ఓ చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. రోజుకో ఏడాది. రాముడంతటివాడు కూడా ఆ లెక్క తీరేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రాత్రి నా లెక్క ఎంతవుతుందోనని చాలాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. పెద్దయ్యాక ఆ కథలో ఇంకో సంగతి కనిపించింది. అందులో రోజుల లెక్క ఉంది, ఏళ్ళ లెక్క ఉంది. చిలక మాత్రం లేదు. అది ఎంత ఉండేది, పంజరంలో రెక్క విప్పగలిగేదా, ఎవరూ అడగరు. కథంతా పెట్టినవాడి పాపం గురించే.

నిజానికి చిలకతో మన పరిచయం చాలా పాతది. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం చివర పర్షియా రాజు కొలువులో ఉన్న గ్రీకు వైద్యుడు క్టీసియస్, ఇండియాలో మనిషిలా మాట్లాడే పిట్ట ఉందనీ, నేర్పితే గ్రీకు కూడా మాట్లాడుతుందనీ రాసుకున్నాడు. కామసూత్రం చెప్పే 64 కళల్లో చిలకలకీ గోరింకలకీ మాటలు నేర్పడం ఒకటి. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లో చిలక రాత్రికో కథ చెబుతుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది. ఇన్నింటిలోనూ మనం చూసింది దాని ముక్కు, విన్నది దాని మాట. దాని ఒళ్ళు మనకి పట్టలేదు.

పట్టకపోవడం పరికరాల్లోనూ కనిపిస్తుంది. మనం వాడినవి మూడు: పంజరం, కాలికి గొలుసు, కత్తెర. చిలక జోస్యం చెప్పేవాళ్ళ పెట్టెలోంచి పక్షి నడుచుకుంటూ వచ్చి కార్డు తీస్తే ఎంత బుద్ధిగా ఉందో అనుకునేవాళ్ళం. రెక్క ఈకలు కత్తిరించిన పక్షి నడవక ఏం చేస్తుంది? ఈకలు రాలి కొత్తవి మొలిస్తే మళ్ళీ కత్తెర. ఈ మూడింటికీ సైజుతో పని లేదు. ఏ చిలకకైనా అదే గొలుసు.

చట్టం చూపు కూడా అంతే. మునగాల ఒక వింత పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా ముక్క. రాజా నాయని వెంకట రంగారావు జమీందారు, కొమర్రాజు లక్ష్మణరావు దివాను. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు వేయించిన జంట ఇదే. బ్రిటిష్ ఇండియా 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణకి ఒక చట్టం చేసింది. అది వర్తించిన పక్షుల జాబితాలో నెమలి ఉంది, కౌజు ఉంది, లకుముకి పిట్ట ఉంది, పాలపిట్ట ఉంది. వేటగాళ్ళకి పనికొచ్చేవి, ఈకల వ్యాపారానికి పనికొచ్చేవి. చిలక లేదు. మునగాల జొన్నచేలో పాలపిట్టకి ఒక చట్టం ఉంది, పక్క నిజాం ఊరిలోకి ఎగిరితే అది లేదు. చిలకకి రెండు వైపులా ఒకటే: వడిసెల రాయి, లేకపోతే పంజరం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1990-91 నాటికి మన దేశపు అడవి పక్షుల వ్యాపారాన్ని నిషేధించారు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, రామచిలక ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. పట్టుకోకూడదు, అమ్మకూడదు, ఇంట్లో పెంచకూడదు. 2018లో ఆంధ్రప్రదేశ్ దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలంగాణది పాలపిట్ట. మునగాల నుంచి విజయవాడ రోడ్డు మీద కోదాడ దాటి కాస్త ముందుకెళితే పాలపిట్ట రాష్ట్రం అయిపోయి చిలక రాష్ట్రం మొదలవుతుంది. ఆ పిట్టలకి ఆ సంగతి తెలియదనుకోండి.

మేనల్లుడి చిలక ఇక్కడిది కాదు. సన్ కనూర్ సొంత ఊరు దక్షిణ అమెరికాలో గయానా, ఉత్తర బ్రెజిల్. అక్కడ అడవుల్లో పట్టీ పట్టీ అది అంతరించే స్థితికొచ్చింది. అలాంటి విదేశీ జాతులని పెంచేవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. వాడు చేయించుకున్నాడు. మన చేలమీద తిరిగేదాన్ని ఇంట్లో పెడితే నేరం, అంత దూరం నుంచి వచ్చిన జాతిదాన్ని పెడితే ఓ కాగితం.

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను.

"ముందు తూకం వెయ్యి. ఎస్, ఎక్స్‌ఎస్ అనేవి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. గ్రాములు మారవు. సన్ కనూర్ దాదాపు 100 నుంచి 130 గ్రాములుంటుంది, అదే ఆఫ్రికన్ గ్రే అయితే 400 పైమాటే. తర్వాత టైలర్ టేపు రెక్కల కింద నుంచి ఛాతీ చుట్టూ తిప్పి చూడు. ఈకలని నొక్కకు."

"బిగుతుగా ఉంటే తప్పించుకోదు కదా మామా?"

"ఊపిరాడదురా. పక్షికి మనలా డయాఫ్రం లేదు. గాలి పీల్చిన ప్రతిసారీ రొమ్ము ఎముక ముందుకు కదలాలి. పట్టీ దాన్ని పట్టేస్తే ముక్కు తెరిచే ఉంటుంది, గాలి మాత్రం అందదు. వదులైతే కాలో ముక్కో ఇరుక్కుంటుంది, లేదా జారిపోయి ఎగిరిపోతుంది. కాలికి మాత్రం ఏదీ కట్టకు."

"ఎందుకు?"

చెప్పాను. పురికొస, పెరడు, మూడో రోజు. ముప్పై ఏళ్ళు దాటాక మొదటిసారి ఒకరికి పూర్తిగా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

హార్నెస్ గొప్ప ఆవిష్కరణ అనను. అదీ తాడే. కానీ నేను చూసిన తాళ్ళలో పక్షిని ముందు కొలవమని అడిగింది ఇదొక్కటే. కొలవాలంటే చేతిలోకి తీసుకోవాలి, అది చేతిలోకి రావాలంటే మనల్ని నమ్మాలి. అప్పుడు వేళ్ళ కింద దాని ఊపిరి తెలుస్తుంది. పదేళ్ళ నాకు అది తెలిసి ఉంటే పురికొస తీసేవాణ్ణి కాదు.

వంటింటి కాటా మీద 112 గ్రాములు వచ్చిందట. ఆ కంపెనీ పట్టిక చూసి వాడే సైజు తేల్చుకున్నాడు. పట్టీ వచ్చి మూడు వారాలైంది. చిలక ఇంకా దాన్ని కొరికి ఆడుకుంటోందే గాని మెడ దూర్చనివ్వడం లేదట.

"ఎప్పటికీ వేసుకోకపోతే ఏం చెయ్యాలి మామా?"

"బలవంతం చెయ్యకు. తలుపులు మూసి గదిలోనే ఎగరనీ," అన్నాను. "ముందు ఫ్యాను ఆపు."