అన్యలోకవాసులతో ప్రణయము

భూలోకవాసియైన మానవుడు వేరొక లోకపు జీవిని ప్రేమించుట నవీన విజ్ఞానయుగమున పుట్టిన కల్పన యని పలువురు తలంతురు. అమెరికా రచయితయగు ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో ఒక పత్రికయందు ప్రకటించి, 1917లో పుస్తకరూపమున వెలువరించిన కుజగ్రహ రాకుమారి కథ ఈ జాతి రచనలలో ప్రసిద్ధమైనది. అందు జాన్ కార్టర్ అను సైనికుడు కుజగ్రహమును జేరి, డేజా థోరిస్ అను రాకుమారిని వలచి, కత్తిబలముచే ఆమెను గెలుచుకొనును. ఆ గ్రహమున స్త్రీలు గ్రుడ్లు పెట్టుదురు. అయినను ప్రణయమున కది అడ్డు రాలేదు. అంతకుముందు 1898లో వెలువడిన ఎచ్. జి. వెల్స్ నవలలో కుజవాసులు భూమిని జయింపవచ్చిన శత్రువులు. పరలోకవాసి శత్రువైనను కావలెను, గెలుచుకొనదగిన సొత్తైనను కావలెను. ఆ నవలలు రెండును వేసిన బాట యిది.

ఆంధ్రుల కీ ప్రణయము క్రొత్తది కాదు. పదునారవ శతాబ్దమున అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమును చదువరులు ఈ దృష్టితో మరల చూతురు గాక. ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపముయొక్క మహిమచే క్షణములో హిమాలయమును జేరెను. మంచునీట లేపము కరగిపోయెను. ప్రయాణసాధనము చెడినది, ఇల్లు చేరు దారి లేదు. నేటి వైజ్ఞానిక కథకులు వ్యోమనౌక చెడినదని వ్రాయు సన్నివేశ మిదియే. అచ్చట వరూధిని యను అప్సరస అతనిని వలచి కోరెను. అతడు వలదని, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు జేరెను. కోరినవారి కోరికయు, కాదన్నవారి నిరాకరణమును ఇంతవరకు స్పష్టములే. ఘోరమైన అన్యాయము తరువాత జరిగినది. వరూధినిచే పూర్వము తిరస్కృతుడైన గంధర్వుడొకడు ప్రవరుని రూపము దాల్చి ఆమెను వంచించెను. ఆమె అంగీకరించినది ఒకనిని, పొందినది మరియొకనిని. ఆ సంయోగమునకు పుట్టిన స్వరోచియే స్వారోచిష మనువునకు తండ్రి. ప్రవరుని నిగ్రహమును మెచ్చినవారు మనలో ననేకులు. వరూధినికి జరిగిన మోసమును మోసమని పలికినవారు మిక్కిలి యరుదు. అన్యలోకపు స్త్రీ గనుక ఆమె సమ్మతికి విలువ లేదని మనస్సులో నెంచుకొంటిమి కాబోలు.

ఈ భావము చలనచిత్రములకును సంక్రమించినది. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో నాయకుడు ఇంద్రుని కూతురైన జయంతి వస్త్రమును దాచును. అది లేక ఆమె స్వర్గమునకు మరలజాలదు. చీర అత్తగారి భద్రమున నుండును. చేజిక్కిన నాడు ఆమె వెడలిపోవును. 1990లో కె. రాఘవేంద్రరావుగారి జగదేకవీరుడు అతిలోకసుందరిలో చీరకు బదులు ఉంగరము వచ్చినది. హిమాలయములయందు దానిని పోగొట్టుకొన్న ఇంద్రజ, అది దొరకిన యువకుని వెంట తిరుగవలసివచ్చెను. తుదకామె మనసారా భూమినే కోరుకొనుట నిజమే. కాని ప్రణయమునకు పునాది మాత్రము తిరిగిపోలేని నిస్సహాయతయే. ఇట్టి కథ పెక్కు దేశములలో గలదు. జపానుదేశపు హగోరోమో నాటకమున మాత్రము, దేవకన్య యీకల వస్త్రము దొరకిన జాలరి దానిని తిరిగి యిచ్చివేయును. ఆమె నాట్యమాడి ఆకాశమున కేగును. ఈ కథలన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినవాడు ఆ జాలరి.

ఆకాశమునుండి వచ్చినవారిని బంధింపక ఆదరించిన కవి మన ప్రాంతమునందే జనించెను. నేడు చీడికాడయు, ఎస్. రాయవరమును అనకాపల్లి జిల్లాలోనివి. ఆ రాయవరమున 1862లో గురజాడ అప్పారావుగారు పుట్టిరి. 1910లో హేలీ తోకచుక్క కానవచ్చినపుడు, దాని తోకలో విషవాయువు గలదని పాశ్చాత్య దేశములలో సైతము జనులు తల్లడిల్లిరి. ఆ యేటనే వెలువడిన ముత్యాల సరాలలో గురజాడవారి నాయకుడు తోకచుక్కను అరిష్టమనక, భూమికి దూరపు చుట్టమని భార్యకు పరిచయము చేయును. సంఘసంస్కరణమునకు పతాకమని పొగడును. కులభేదములు సడలి లోకమంతయు ఒకే కుటుంబమగు కాలమును ఊహించును. బరోస్ సైనికుడు కుజగ్రహమునకు కత్తితో పోవుటకు రెండేండ్లు ముందే మన కవి ఆకాశాతిథికి స్వాగతము పలికెను. ఆ యతిథి వచ్చెను, పోయెను. 1986లో మరల వచ్చెను. 2061లో మరల రానున్నది. చుట్టమనగా వచ్చుటకును పోవుటకును స్వేచ్ఛ గలవారు.

ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములను జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఐదువేలకు పైగా కనుగొనిరి. జీవి మాత్ర మెచ్చటను కానరాలేదు. కావున పరలోకవాసితో ప్రణయము నేటికిని కల్పనయే. కాని ప్రతి పెండ్లియు కొంతవరకు రెండు లోకముల కలయికయే. చీడికాడనుండి చోడవరమునకో విశాఖపట్టణమునకో కోడలై పోయిన బాలికకు అచ్చటి వంట, మాట, కట్టుబాట్లు అన్నియు క్రొత్తవి. కులము వేరైనచో దూరము మరింత హెచ్చు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము అట్టివారికి దారి తెరచినది. ఇంటి తలుపు తెరచుట చట్టమునకు సాధ్యము కాదు, అది మన పని.

గృహస్థులు తమ యింట నొక్క విషయము విచారించుకొనవలెనని మా కోరిక. కోడలి చదువుపత్రములు, బ్యాంకు పుస్తకము, చేతిఫోను ఎవరి పెట్టెలో నున్నవి? పుట్టినింటికి పోవలెనన్న ఆమె ఎవరి సెలవు వేడవలెను? అవి ఆమెవద్ద లేనిచో జయంతి చీర నేటికిని మన యింట దాగియున్నట్లే. దానిని ఆమె చేతికి తిరిగి యిత్తము. పోగలిగియు ఉండుటకే యిష్టపడిన స్త్రీ యున్న యింట ప్రణయమను మాటకు నిజమైన అర్థము గలుగును.