అసలును బ్రతికించు నకలు



మన గ్రామములలో అసలు, నకలు అను రెండు మాటలు అందరెరిగినవే. అసలునకు గౌరవ మెక్కువ; నకలు దానికి లోకువ. అయినను చరిత్రను పరికించినచో, పూర్వుల వ్రాతలలో పెక్కింటిని మనకు దక్కించినది నకలే యని తెలియును. నేడు కంప్యూటరునందలి హార్డ్ డిస్కునకు సరిప్రతి నిలుపు విద్యయు ఈ ధర్మము నుండి పుట్టినదే. ఆ విద్య మేలు, దాని కొరత, రెండును మన పుత్తూరు చుట్టుపట్ల జరిగిన కథలవలన చక్కగా బోధపడును గావున, ముందుగా వానిని మనవిచేసెదను.

పుత్తూరునకు చేరువనున్న నారాయణవనము ఒకప్పుడు యాదవరాయల ముఖ్యస్థానము. పదుమూడవ శతాబ్దమున, వీరనరసింహ యాదవరాయని కాలమున, తిరుమల ఆలయమును పునరుద్ధరింపబూనిరి. అందులకు ప్రాతగోడలు తీయవలసి వచ్చెను. ఆ గోడలమీద పూర్వులు చేసిన దానముల శాసనము లుండెను. గోడతో శాసనము పోవును. శాసనముతో దానమునకు సాక్ష్యము పోవును. దీపమునకు విడిచిన భూమి యేది, నైవేద్యమునకు ఇచ్చిన ధనమెంత యని చెప్పువా రుండరు. అందుచేత ప్రాతశాసనములను క్రొత్త గోడలపై మరల చెక్కించిరి. పాతది తీయుటకు ముందే నకలు సిద్ధముగా నుండవలెనను నీతి ఇందు కలదు.

రెండవ కథ తాళ్లపాక వారిది. అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వరకు జీవించిరి. వారు 32,000 సంకీర్తనలు రచించిరని సంప్రదాయము. తాటియాకునకు మన దేశపు వేడిమియు, తేమయు, పురుగును శత్రువులు. కనుక వారి కుమారులు పెద తిరుమలాచార్యులు పదునారవ శతాబ్దమున ఆ పాటలను రాగిరేకులపై చెక్కించిరి. ఆ రేకులను తిరుమల ఆలయమునందలి ఒక చిన్న రాతిగదిలో భద్రపరచిరి. అదియే సంకీర్తన భాండాగారము. చెదలు తినని నకలు, దొంగలు చొరని చోటు. ఇంతకంటె కావలసిన దేమని తోచును.

కాని తరువాత జరిగిన దేమి? రేకులు నిలిచెను, చదువువారు లేకపోయిరి. చెన్నపట్టణమున దొరతనపు కొలువులో నుండిన కాంబెల్ అను ఆంగ్లేయుడు 1816లో ప్రకటించిన తన తెలుగు వ్యాకరణమున వీని ప్రస్తావన చేసినాడు. ఆ రేకులలో ప్రాచీన వ్యాకరణ మొకటి యున్నదని విని, ప్రతి వ్రాయించి చూడగా, అవి దేవుని కీర్తించు పాటలుగా తేలినవట. పెట్టెలో నేమున్నదో చెప్పు జాబితా లేనందున పాటల నిధిని వ్యాకరణమని తలచిరి. పిమ్మట నూరేండ్లకు పైగా గడచినవి. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వలన రేకులు మరల వెలుగులోనికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించిరి. దొరకినవి 12,000 పైచిలుకు మాత్రమే. సంప్రదాయము చెప్పు సంఖ్యలో సగమైనను కాదు.

ఇందు నా మనస్సును మిక్కిలి కలచు విషయ మొకటి కలదు. రేకులమీద పాట యున్నది, రాగము పేరు ఉన్నది. పాడిన వరుస లేదు. కావున నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కు, రాళ్లపల్లి వారును తరువాతి విద్వాంసులును కూర్చినవే. నకలులోనికి ఎక్కనిది ఎంత గట్టి లోహమునను నిలువదు.

ఇక కంప్యూటరు మాట. హార్డ్ డిస్కు అనగా అయస్కాంత లక్షణము గల పూత పూసిన పళ్లెము. అది వేగముగా తిరుగుచుండగా, తలవెంట్రుకకంటె సన్నని ఎడముతో ఒక చిన్న ముక్కు దానిపై సాగుచు వ్రాయును, చదువును. 1956లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ చేసిన మొదటి దానిలో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెను. అవి యన్నియు కలిసి 50 లక్షల అక్షరములు పట్టెను. నేటిది అరచేతిలో నిముడుచు, అంతకు లక్షలరెట్లు పట్టుచున్నది. అయినను అది యంత్రము. ఒకనాడు ఆగిపోవును. ఆగునాటికి ముందుగా కబురు పంపుననుట నిశ్చయము లేదు.

అందులకు వెదకిన ఉపాయమే అద్దపుప్రతి. ఒకేతీరు డిస్కులు రెండు పెట్టుదురు. ఒకదానిపై వ్రాయు ప్రతి అక్షరమును యంత్రము రెండవదానిపై కూడ వ్రాయును. ఒకటి చెడినను రెండవది పని నడుపును. చెడినదానిని తీసి క్రొత్తది పెట్టినచో, బ్రతికియున్నది తన సర్వమును దానికి ఎక్కించును. 1988లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ఇట్టి అమరికలను తరగతులుగా విభజించి వ్రాసిరి. అద్దపుప్రతి అందు మొదటి తరగతి.

అయితే అద్దము మంచిని చూపినట్లే చెడును చూపును. పొరపాటున ఒక కాగితమును ఇందు చెరిపినచో అందును చెరుగును. రెండును ఒకే పెట్టెలో నుండుటచే, పిడుగు పడినను, ఇల్లు కాలినను, దొంగ ఎత్తుకొనిపోయినను రెండును కలిసియే పోవును. కావున ఈ విద్య నెరిగినవారు మూడు ప్రతులుంచుమందురు. వానిని రెండు విధములైన సాధనములపై నుంచవలెను. ఒకదానిని వేరొక ఊర నుంచవలెను.

ఇది పట్టణవాసుల గొడవయని తలపరాదు. 2024 జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు లేచి భూముల దస్త్రములు కాలిపోయెను. అందలి యొక్కొక్క కాగితము వెనుక ఒక రైతు కుటుంబ ముండునని మీకు నేను చెప్పనక్కరలేదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ఈ కీడును కొంత ఊహించినది. దస్తావేజు అసలు మన చేతికి వచ్చును. దాని ప్రతి సబ్ రిజిస్ట్రారు కచేరీలో నిలుచును. మన ఇంటిది పోయినను అచ్చట నకలు పొందవచ్చును. రెండు చోట్ల నుంచుటయే దాని బలము.

కావున పెద్దలారా, మీ మనుమలు ఇంటి పత్రములను, పెద్దల చిత్తరువులను కంప్యూటరునం దెక్కించితిమని చెప్పినపుడు సంతోషింపుడు. వెంటనే మూడు ప్రశ్నలడుగుడు. రెండవ ప్రతి వేరొక ఇంట నున్నదా? అందేమున్నదో జాబితా వ్రాసితిరా? దానిని తెరచి చదివి చూచితిరా? తెరచుటకు సంకేతపదము కావలసినచో, అది ఒక్కని మనస్సులోనే యుండరాదు. ఏడాదికొక దినము, ఉగాదియో సంక్రాంతియో, నకలును తెరచి చూచుట ఇంటి ఆచారము కావలెను. చెదలు తాకకున్నను, చదువువారు లేక రాగిరేకులు ఏండ్లకేండ్లు మూగవైనవి. ఆ గతి మన ఇంటి వ్రాతలకు పట్టనీయకుడు.

సెలవు.