ఏడాది ఆయుష్షుకి ఎంత కట్టొచ్చు?

ఈరోజు కథ ఇంగ్లాండ్‌ది. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం నడిచేది జనం కట్టే పన్నులతో. డబ్బుకి హద్దుంది, రోగాలకి లేదు. ఏ మందుకి సర్కారు డబ్బివ్వాలో తేల్చడానికి 1999లో నైస్ అనే సంస్థ పెట్టారు. పేరు నైస్ గానీ, పని మాత్రం అంత నైస్ కాదు.

పుట్టిన ఏడాదే గొడవ. గ్లాక్సో వెల్‌కమ్ కంపెనీ రెలెంజా అనే ఫ్లూ మందు తెచ్చింది. అది వాడితే ఫ్లూ ఒక రోజు ముందు తగ్గుతుంది, అటూఇటూగా. ఆ చలికాలానికి వద్దు అంది నైస్. కంపెనీ పెద్దలు దేశం వదిలి పోతామని బెదిరించేదాకా వెళ్లారు. ప్రభుత్వం నైస్ పక్షానే నిలబడింది. 2000లో మాత్రం, ఫ్లూతో ప్రమాదం ఎక్కువున్న వాళ్లకి ఇవ్వొచ్చన్నారు.

ఇంతకీ లెక్క ఎలా వేస్తారు? పూర్తి ఆరోగ్యంతో బతికే ఒక్క ఏడాదిని ఒక 'క్వాలీ' అంటారు. ఒక మందుకి అదనంగా 40,000 పౌండ్లు ఖర్చయి, రెండేళ్లు ఆరోగ్యంగా బతికిస్తే క్వాలీకి 20,000 పడ్డట్టు. అదే ఆ రెండేళ్లూ సగం ఆరోగ్యంతోనే గడిస్తే? వచ్చింది ఒక్క క్వాలీయే, ఖర్చు 40,000. నైస్ చాలా ఏళ్లు పెట్టుకున్న గీత 20,000 నుంచి 30,000. అంటే మొదటిది పాస్, రెండోది కష్టం.

మనిషి ప్రాణానికి రేటు కడతారా అని మీకు కోపం రావొచ్చు. నాకూ మొదట వచ్చింది. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో రోగి వైద్యంలోంచే. యార్క్ యూనివర్సిటీ వాళ్లు 2015లో లెక్కగడితే, ఎన్‌హెచ్‌ఎస్ మామూలు వైద్యంలో సుమారు 13,000 పౌండ్లకే ఒక క్వాలీ వస్తోందని తేలింది. అంటే 30,000కి ఒక కొత్త మందు ఒప్పుకుంటే ఇక్కడ ఒక ఏడాది వచ్చి, ఇంకెక్కడో రెండేళ్లకు పైగా పోతున్నట్టే! మందు దొరకని పేషెంట్ టీవీలో కనిపిస్తాడు. ఈ రెండేళ్లు పోగొట్టుకున్నవాడు ఎవడో వాడికే తెలీదు.

అలాగని కంపెనీలు అడిగినంతా న్యాయమని కాదు. ఆర్కాంబీ సంగతే చూడండి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకి మందు. ఏడాదికి సుమారు 1,04,000 పౌండ్లు. 2016లో నైస్, మందు పనిచేస్తుందని ఒప్పుకుంటూనే ఈ ధరకి వద్దంది. మూడేళ్లు బేరాలు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ పిల్లల ఊపిరితిత్తులు బేరం తెగేదాకా ఆగవు కదా, పాడవుతూనే ఉంటాయి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. నైస్ తప్పు చేసిందని మాత్రం అనలేను.

చివరికి 2019 అక్టోబరులో వెర్టెక్స్ కంపెనీతో ఒప్పందం కుదిరింది, పిల్లలకి మందు అందింది. ఎంతకి కుదిరిందో? అది రహస్యం. పన్ను కట్టినవాళ్లకి కూడా చెప్పలేదు.