నర్తనశాలలో ప్రతీకారం: కీచకవధ, విద్యార్థి రంగస్థలం, సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతం

వ్యాససంగ్రహం

ప్రతీకారం ఇతివృత్తంగా గల నాటకాలకూ విద్యార్థి రంగస్థలానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఐరోపాలో సెనెకా నుంచి షేక్‌స్పియర్ వరకు సాగిన ప్రతీకార విషాదనాటక సంప్రదాయాన్నీ, తెలుగులో కీచకవధ ప్రదర్శనల చరిత్రనూ పక్కపక్కన ఉంచి, రెండింటి కథానిర్మాణంలోని ప్రధాన సామ్యాన్ని నిరూపిస్తుంది. ఇలాంటి నాటకాన్ని సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో విద్యార్థులు ప్రదర్శించేటప్పుడు ఎదురయ్యే వ్యాఖ్యాన సమస్యను చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రతీకార నాటకం, కీచకవధ, సురభి, విద్యార్థి రంగస్థలం, ఎల్లమ్మ కథ, పటాన్‌చెరు.

1. ప్రవేశిక

నాటక విద్యాలయాల పాఠ్యప్రణాళికలో విషాదనాటక ప్రదర్శనకు ఒక స్థిరమైన స్థానం ఉంది. వాచికం, ఆంగికం, సమూహ రచన, ఆయుధ ప్రయోగం, మరణాభినయం అన్నీ ఒకే కృతిలో అభ్యసించే అవకాశం ఉండటం వల్ల ప్రతీకార నాటకాలు విద్యార్థి బృందాలకు అనువుగా కనిపిస్తాయి. ఇది సాంకేతిక కారణం మాత్రమే. ఈ నాటకాలకు విద్యాలయంతో ఉన్న బంధానికి అంతకంటే పాత చరిత్ర ఉంది. ఆ చరిత్రను విస్మరించిన ప్రదర్శన హత్యాదృశ్యపు ఉద్వేగం దగ్గరే ఆగిపోతుంది. హత్యకు ముందు జరిగిన ఫిర్యాదు, దానికి లభించిన మౌనం ప్రేక్షకుని దృష్టికి రావు.

2. విద్యాలయంలో ఎదిగిన నాటకరూపం

ప్రతీకార విషాదనాటకానికి మూలపురుషుడుగా రోమన్ తత్త్వవేత్త సెనెకాను పేర్కొంటారు. ఆయన ‘థయెస్టీస్’లో అన్నదమ్ముల పగ తరతరాలకు పాకుతుంది. పదహారవ శతాబ్దపు ఇంగ్లండులో సెనెకాను బతికించినవి విద్యాసంస్థలే. జాస్పర్ హేవుడ్ అనే యువ పండితుడు 1560లో ‘థయెస్టీస్’ను ఆంగ్లీకరించాడు. న్యాయశాస్త్ర విద్యాకేంద్రమైన ఇన్నర్ టెంపుల్‌కు చెందినవారు 1561–62 శీతకాలంలో ‘గార్బొడక్’ నాటకాన్ని ప్రదర్శించారు. న్యాయశాస్త్రం చదివేవారి నడుమ రాజ్యవిభజన, భ్రాతృహత్య, ప్రతిహత్యలు ఇతివృత్తంగా గల నాటకం రూపుదిద్దుకోవడం గమనార్హం.

1580లలో థామస్ కిడ్ రచించిన ‘స్పానిష్ ట్రాజెడీ’లో కథానాయకుడు హిరోనిమో స్వయంగా న్యాయాధికారి. ఇతరులకు తీర్పు చెప్పే ఆ మనిషికి తన కుమారుని హత్య విషయంలో న్యాయం దొరకదు. చివరకు ఒక నాటకం వేయించి, నాటకంలోని హత్య ముసుగులో నిజమైన హత్య జరిపిస్తాడు. 1600 ప్రాంతంలో వెలువడిన ‘హామ్లెట్’ నాయకుడు విటెన్‌బర్గ్ విద్యార్థి. అందులోని పొలోనియస్ తాను విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో జూలియస్ సీజర్ పాత్ర ధరించానని గర్వంగా చెప్పుకొంటాడు. ఆ నాటకంలోనూ అంతర్నాటకమే నేరాన్ని బయటపెట్టే సాధనం. దీన్నిబట్టి ఈ రూపానికి రెండు లక్షణాలు నిర్ధారించవచ్చు. ఒకటి, న్యాయం చెప్పవలసిన స్థానమే నేరంతో కలుషితమై ఉండటం. రెండు, రంగస్థలమే విచారణ స్థలంగానో, శిక్షాస్థలంగానో మారడం.

3. తెలుగు విద్యార్థి రంగస్థలం

ఆధునిక తెలుగు రంగస్థలం ఆరంభదశలోనే విద్యార్థుల పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’, ‘చమత్కార రత్నావళి’ ప్రదర్శింపజేశారు. వీటిలో మొదటిది న్యాయస్థానాల చుట్టూ అల్లుకున్న అవినీతిపై విసిరిన వ్యంగ్యం. రెండవది షేక్‌స్పియర్ హాస్యనాటకానికి అనుసరణ. తెలుగు విద్యార్థి రంగస్థలం తొలి అడుగులోనే న్యాయ వ్యవహారాన్ని వస్తువుగా స్వీకరించిందన్నమాట.

1889లో చిలకమర్తి లక్ష్మీనరసింహం ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటక సమాజం కోసం ‘కీచకవధ’ రచించారు. అప్పటికి చిలకమర్తి వయస్సు ఇరవై రెండేళ్లే. ఉపాధ్యాయుడైన హనుమంతరావు నాయుడు ఒంగోలు నుంచి వెంటబెట్టుకొచ్చిన విద్యార్థి టంగుటూరి ప్రకాశం చదువుకుంటూనే ఆ సమాజపు నాటకాలలో స్త్రీపాత్రలు ధరించారు. ఆ విద్యార్థి తరువాత న్యాయవాదిగా, ‘ఆంధ్రకేసరి’గా, ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా ప్రసిద్ధులయ్యారు.

ఇదే ఇతివృత్తంపై మరాఠీలో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1907లో ‘కీచకవధ్’ రచించారు. అందులోని కీచకుణ్ణి ప్రేక్షకులు కర్జన్ ప్రభువుగా, ద్రౌపదిని పరాధీన భారతదేశంగా గుర్తించారు. బ్రిటిషు ప్రభుత్వం 1910లో ఆ నాటకాన్ని నిషేధించింది. అందరికీ తెలిసిన పురాణకథే అయినా ప్రేక్షకుడు తన కాలపు అన్యాయాన్ని అందులో చదువుకోగలడని పాలకులు సరిగ్గానే గ్రహించారు.

4. నర్తనశాల: కథానిర్మాణ పరిశీలన

కీచకవధను సాధారణంగా వీరరస ప్రధానమైన కథగా భావిస్తారు. తిక్కన విరాటపర్వంలోని కథాక్రమాన్ని గమనిస్తే దానికి ముందు ఒక ఫిర్యాదు ఘట్టం ఉంది. కీచకుడు తరిమి పట్టుకొని తన్నినప్పుడు ద్రౌపది నిండు సభలో విరటుణ్ణి న్యాయం అడుగుతుంది. కీచకుడు రాజుకు బావమరిది, సేనాపతి, రాజ్యానికి అండ. అందుచేత రాజు శిక్షించడు. భర్తలు అక్కడే ఉన్నా అజ్ఞాతవాస నియమం వారి చేతులు కట్టేస్తుంది. చెట్టు వైపు చూసిన భీముణ్ణి ధర్మరాజు మాటల చాటున వారిస్తాడు. బహిరంగంగా దొరకని న్యాయాన్ని ద్రౌపది ఆ రాత్రి వంటశాలలో భీముని దగ్గర వెతుక్కుంటుంది. ఫిర్యాదు, అధికారపు మౌనం, రహస్య హత్య అనే ఈ క్రమమే హిరోనిమో కథలోనూ ఉంది.

రెండవ లక్షణం కూడా ఇక్కడ సరిపోలుతుంది. హత్యాస్థలం నర్తనశాల. పగలు బృహన్నల దగ్గర ఉత్తర, ఆమె చెలులు ఆటపాటలు నేర్చుకునే చోటు. రాత్రి అది నిర్మానుష్యం. ద్రౌపది రమ్మన్నదని నమ్మి వచ్చిన కీచకునికి చీకటిలో ఆమె స్థానంలో భీముడు ఎదురవుతాడు. ఒకరి స్థానంలో మరొకరు నిలవడం నాటకకళకు మూలసూత్రం. ఆ సూత్రమే ఒక కళాశిక్షణాలయంలో మరణశిక్షకు సాధనమైంది. నాటక విద్యార్థులు ఈ ఘట్టాన్ని అభినయించేటప్పుడు తాము అభ్యసించే కళ ఏ పనికైనా ఉపయోగపడగలదన్న సత్యాన్ని కూడా ఎదుర్కొంటారు.

కీచకుని మరణం దగ్గర తెర దించితే ప్రేక్షకునికి తృప్తి మిగులుతుంది. భారతకథ అక్కడ ఆగదు. ఉపకీచకులు ద్రౌపదిని అన్న శవంతో పాటు దహించడానికి పాడెకు కట్టి శ్మశానానికి తీసుకుపోతారు. భీముడు మళ్లీ నూట అయిదుగురిని చంపవలసి వస్తుంది. ఫిర్యాదు చేసిన స్త్రీయే ఆ తరువాత రాజ్యానికి భయకారణంగా కనిపిస్తుంది. సుదేష్ణ ఆమెను పురం విడిచి వెళ్లమంటుంది. ప్రతీకారం సమస్యను ముగించదనీ, దాన్ని మరొకరి తలుపు దగ్గరకు చేరుస్తుందనీ ఈ భాగం చెబుతుంది. విషాదనాటక లక్షణం దాగి ఉన్నది ఇక్కడే.

5. సురభి: ఒక కుటుంబ విద్యాలయం

సురభి చరిత్ర కీచకవధతోనే మొదలైంది. తోలుబొమ్మలాట నేపథ్యం గల వనారస కుటుంబం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ప్రదర్శించిన తొలి నాటకం అదే. వనారస గోవిందరావు నాయకత్వంలో ఎదిగిన ఈ సమాజాలలో పిల్లలు రంగస్థలం మీదే పెరిగారు. కుటుంబ స్త్రీలు స్త్రీపాత్రలు ధరించారు. ప్రత్యేక ప్రవేశపరీక్ష, పట్టా లేకపోయినా సురభి ఒక నాటక విద్యాలయమే.

ఆ కుటుంబాలలో చాలామంది నేడు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో నివసిస్తున్నారు. అక్కడి నుంచి ముంబయి రహదారి వెంట పడమరకు వెళితే రామచంద్రాపురంలో 1960లలో నెలకొన్న బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, ఆ తరువాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1972లో స్థాపితమైన ఇక్రిశాట్, మరికొంత దూరంలో సంగారెడ్డి వస్తాయి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా శేరిలింగంపల్లి పరిధిలోనిదే. 1988లో సరోజినీ నాయుడు పేరిట ప్రారంభమైన దాని కళావిభాగంలో రంగస్థల కళలు ఒక శాఖ. 1990లలో బి.వి. కారంత్ సురభి కళాకారులతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెక్ట్ నాటకానికి అనుసరణ అయిన ‘బస్తీ దేవత యాదమ్మ’ రూపొందించారు. వారసత్వంగా వచ్చిన నాటకవిద్య, శిక్షణతో వచ్చిన నాటకవిద్య కలిసి పనిచేయగలవని ఆ ప్రదర్శనలు చూపాయి.

6. ప్రాంతపు ప్రేక్షకులు

ఈ ప్రాంతపు గ్రామీణ విద్యార్థికి ప్రతీకారకథ కొత్తది కాదు. బైండ్లవారు జమిడిక మీద, ఒగ్గు కళాకారులు డోలు, తాళాల నడుమ చెప్పే ఎల్లమ్మ కథలో పరశురాముడు ముందు తండ్రి ఆజ్ఞతో తల్లిని నరుకుతాడు. తరువాత తండ్రిని చంపినవారిపై పగబట్టి క్షత్రియ సంహారం చేస్తాడు. ప్రతీకారం తీర్చుకొనేవాని చేతికి తల్లి నెత్తురు ముందే అంటి ఉంది. హామ్లెట్ అంతర్మథనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ విద్యార్థి ఎక్కడికో వెళ్లనవసరం లేదు.

అయితే పారిశ్రామికవాడ ప్రేక్షకుని అనుభవం మరొకటి. పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామిక కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో తీర్పుకు వచ్చింది. దీనికి ఇరవై ఏడేళ్లు పట్టింది. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. మృతులలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు ఎందరో ఉన్నారు. విమర్శకులు హామ్లెట్ జాప్యాన్ని మనస్తత్వ సమస్యగా చర్చిస్తారు. ఈ ప్రాంతంలో జాప్యం న్యాయప్రక్రియకు సంబంధించిన నిత్యానుభవం. అందువల్ల సభలో నిలబడి అడుగుతున్న ద్రౌపది మాట ఇక్కడి ప్రేక్షకునికి భీముని ముష్టిఘాతం కంటే బిగ్గరగా వినిపించే అవకాశం ఉంది.

ఇలా చెప్పడం ప్రతీకారాన్ని సమర్థించడం కాదు. న్యాయస్థానానికి వెళ్లినవారు ఇరవై ఏడేళ్లు ఆ మార్గాన్ని విడవకపోవడమే ఈ ప్రాంత చరిత్రలో గౌరవించదగిన అంశం. విరటుని సభలో లేనిది, ఇక్కడ ఆలస్యంగానైనా ఉన్నది, వినే స్థానం. ప్రదర్శన ఈ భేదాన్ని చెరిపివేసి హత్యకు చప్పట్లు రాబడితే అది నాటకానికీ, ప్రేక్షకునికీ అన్యాయం చేస్తుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ప్రతీకార నాటకం ఐరోపాలోనూ తెలుగునాటా విద్యార్థుల చేతుల్లో ఎదిగిన రూపం. దాని కేంద్రం హత్య కాదు, హత్యకు ముందు విఫలమైన ఫిర్యాదు. కీచకవధను ఉపకీచకుల ఘట్టం దాకా కొనసాగిస్తే అది వీరగాథ స్థాయి దాటి విషాదనాటక స్వభావం పొందుతుంది.

సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతంలో ఇలాంటి నాటకాన్ని తలపెట్టే విద్యార్థి బృందాలకు సురభి వారసత్వం, ఎల్లమ్మ కథాగానం, విశ్వవిద్యాలయ శిక్షణ మూడూ అందుబాటు దూరంలో ఉన్నాయి. అభ్యాసంలో ఎక్కువ కాలం ద్వంద్వయుద్ధానికి కేటాయించడం పరిపాటి. సభాఘట్టంలో మౌనంగా కూర్చున్న విరటుని పాత్రకు కూడా అంతే కాలం కేటాయించవలసి ఉంది. ఆ మౌనాన్ని నటుడు సరిగ్గా పట్టుకున్నప్పుడే నర్తనశాలలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ప్రేక్షకునికి తెలుస్తుంది.