సొంతిల్లు: స్థలం కొని కట్టుకోవాలా.. పాత ఇల్లు కొని బాగు చేయించుకోవాలా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ లెక్క చూడండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. జీవితంలో ఒక్కసారి పెట్టే పెద్ద ఖర్చు ఇది. చేతిలో కొంత సొమ్ము, బ్యాంకు లోన్ మీద ధీమా ఉన్నాయి. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే.. ఖాళీ స్థలం కొని మనకు నచ్చినట్టు కట్టుకోవడమా? లేక ఇరవై ఏళ్ల నాటి ఇండిపెండెంట్ ఇల్లు కొని రిపేర్లు చేయించుకోవడమా? పాత ఇల్లు చవక అని కొందరు, పాతది కొంటే తలనొప్పి అని ఇంకొందరు చెబుతుంటారు. ఇందులో ఏది నిజం? కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

ఒకే కాలనీ.. రెండు దారులు

ఉదాహరణకు హైదరాబాద్ శివారులో ఒక కాలనీ అనుకుందాం. గజం రూ.40 వేలు. కింది రేట్లన్నీ లెక్క అర్థం కావడం కోసమే. మీ ఏరియా రేట్లు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

మొదటి దారి.. 150 గజాల స్థలం రూ.60 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంటే రూ.4.5 లక్షలు. 1,200 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు రూ.2,200 చొప్పున రూ.26.4 లక్షలు. బోరు, సంపు, కాంపౌండ్ వాల్, కరెంటు మీటర్, పర్మిషన్ ఖర్చులకు రూ.4 లక్షలు. కట్టే 15 నెలలూ మీరుండే ఇంటికి అద్దె నెలకు రూ.18 వేలు, అంటే రూ.2.7 లక్షలు. మొత్తం రూ.97.6 లక్షలు.

రెండో దారి.. అదే వీధిలో, అంతే స్థలంలో ఇరవై ఏళ్ల ఇల్లు రూ.78 లక్షలు. రిజిస్ట్రేషన్ రూ.5.85 లక్షలు. రిపేర్లకు మేస్త్రీ చెప్పింది రూ.9 లక్షలు. గోడ పగలగొట్టాక బయటపడే ఖర్చులకు అందులో 20 శాతం, అంటే రూ.1.8 లక్షలు పక్కన పెట్టాలి. మూడు నెలల అద్దె రూ.54 వేలు. మొత్తం రూ.95.19 లక్షలు.

అంటే తేడా రెండున్నర లక్షలు కూడా లేదు! పైకి చూస్తే దాదాపు ఇరవై లక్షలు తక్కువకు వచ్చినట్టు కనిపించిన ఇల్లు ఇది.

అసలు చూడాల్సింది ఇదీ..

పాత ఇంటి ధరను రెండు ముక్కలు చేయండి. స్థలం ఎంత? కట్టడం ఎంత? పై ఉదాహరణలో స్థలం విలువ రూ.60 లక్షలు పోతే కట్టడానికి మీరిస్తున్నది రూ.18 లక్షలు. దానికి రిపేర్ల రూ.10.8 లక్షలు కలిపితే రూ.28.8 లక్షలు. 1,200 అడుగులకు పంచితే అడుగుకు రూ.2,400. అంటే కొత్త ఇంటికయ్యే రేటు కంటే ఎక్కువ పెట్టి పాత గోడలు కొంటున్నట్టు. బేరం ఆడాల్సింది ఈ రూ.18 లక్షల దగ్గరే. అమ్మేవాళ్లు దిగితే పాత ఇల్లే లాభం. దిగకపోతే ఆలోచించాలి.

రంగు చూసి మోసపోవద్దు

అమ్మకానికి పెట్టే ముందు చాలామంది పుట్టీ పెట్టి రంగులేస్తారు. అందుకే వీలైతే వర్షాకాలంలో, వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. స్లాబ్ అడుగున చెమ్మ ఉందా? పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయా? తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీట్‌ను పగలగొడుతుంది. దాని మీద ప్లాస్టరింగ్ చేస్తే మళ్లీ ఊడుతుంది. ప్లాస్టరింగ్‌లో సన్నని వెంట్రుక పగుళ్లు పెద్ద సమస్య కాదు. గోడ మీద మెట్లు మెట్లుగా, ఏటవాలుగా పాకే పగుళ్లుంటే పునాది కుంగిందేమో చూడాలి. నల్లరేగడి నేలల్లో ఇది మరీ ముఖ్యం. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే మట్టి అది.

అడ్వాన్స్ ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను తీసుకెళ్లండి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో కాంక్రీట్ పగలగొట్టకుండానే నాణ్యతపై ఒక అంచనా వస్తుంది. పైన ఇంకో ఫ్లోర్ వేసే ఆలోచన ఉంటే పిల్లర్లు, పునాది ఆ బరువు మోస్తాయో లేదో ఆయన్నే అడగండి. గోడల మీదే నిలిచిన ఇల్లయితే హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీయించడం ప్రమాదం.

వైరింగ్, పైపులు పాతవైతే మొత్తం మార్చాల్సిందే. ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్ లేని రోజుల్లో వేసిన వైర్లు ఇప్పటి లోడ్‌ను తట్టుకోలేవు.

పాత ఇంటికి పాత గొడవలు

పాత ఇంట్లో గోడల కంటే కాగితాలే ఎక్కువ ముంచుతాయి. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను, కరెంటు బిల్లుల బకాయిలు అన్నీ చూడండి. తాతల ఆస్తి అయితే వారసులందరి సంతకాలు ఉండాలి. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టంతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ పుట్టుకతోనే సమాన హక్కు వచ్చింది. సుప్రీంకోర్టు 2020లో దీన్ని మరింత స్పష్టం చేసింది. అన్నదమ్ములు సంతకం పెట్టారు కదా అని కొనేస్తే, రేపు అత్తవారింట్లో ఉన్న అక్కచెల్లెళ్లు కోర్టుకెళ్లొచ్చు.

స్థలం కొనేవాళ్లకూ తిప్పలు తక్కువేం కాదు. లేఅవుట్‌కు అనుమతి ఉందా, ఎల్‌ఆర్‌ఎస్ అయిందా, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబర్ ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్‌లోకి వస్తుందా.. ఈ నాలుగూ చూడాలి. తెలంగాణ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతుంది. అయితే తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారమూ అదే చట్టంలో ఉంది.

లోన్ ఎంత.. చేతి నుంచి ఎంత?

ఆర్బీఐ నిబంధనల ప్రకారం హోమ్ లోన్ రూ.30 లక్షల వరకు అయితే విలువలో 90 శాతం, రూ.75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చును సాధారణంగా ఆ విలువలో కలపరు. పై పాత ఇంటికి 80 శాతం లోన్ వచ్చినా రూ.62.4 లక్షలే. మిగతా రూ.15.6 లక్షలు, రిజిస్ట్రేషన్, రిపేర్లు కలిపి రూ.32 లక్షలకు పైనే మీ చేతి నుంచి పెట్టాలి. రిపేర్లకు వేరే లోన్ తీసుకుంటే ఆ ఈఎంఐ అదనం. ఇల్లు మరీ పాతదైతే బ్యాంకు లోన్ గడువును తగ్గించవచ్చు.

కట్టుకునే ఇంటికి బ్యాంకు పునాది, స్లాబ్, ప్లాస్టరింగ్ అంటూ దశలవారీగా డబ్బిస్తుంది. ఒక దశ పూర్తయితేనే తర్వాతి విడత. మధ్యలో మేస్త్రీకి ఇవ్వడానికి చేతిలో సొమ్ము లేకపోతే పని ఆగుతుంది. పని ఆగితే అద్దె పెరుగుతుంది.

పన్ను సంగతి కూడా చూడండి. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీపై ఏడాదికి రూ.2 లక్షల వరకు మినహాయింపు ఉంది. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో కట్టడం పూర్తి కావాలి. రిపేర్ల లోన్ వడ్డీపై అయితే రూ.30 వేలే. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఈ మినహాయింపు లేదు. కొనే ఆస్తి రూ.50 లక్షలు, అంతకు మించితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ కట్ చేసి కట్టాల్సిన బాధ్యత కొనేవాళ్లదే.

మరి ఎవరికి ఏది?

పిల్లల స్కూల్, ఆఫీసు దగ్గర్లో ఉండాలి, వచ్చే జూన్‌కల్లా దిగిపోవాలి అనుకునేవాళ్లకు, స్లాబ్, పునాది, కాగితాలు గట్టిగా ఉంటే పాత ఇల్లే మంచిది. నగరం మధ్యలో ఖాళీ స్థలం దొరకడమూ కష్టమే. ఏడాదిన్నర ఓపిక, రోజూ సైట్ దగ్గర నిలబడే మనిషి ఉంటే కట్టుకోవడమే మేలు. ఉద్యోగం ఒక ఊళ్లో, సైట్ ఇంకో ఊళ్లో ఉండి ఫోన్ మీద ఇల్లు కట్టిస్తామంటే మాత్రం కష్టమే. క్యూరింగ్‌కు నీళ్లు పట్టారో లేదో ఫోన్‌లో తెలియదు.

రిపేర్ల ఖర్చు కొత్తగా కట్టే ఖర్చులో సగం దాటుతోందని ఇంజినీర్ చెబితే, అది ఇల్లు కాదు.. స్థలం. స్థలం రేటే ఇవ్వండి. పడగొట్టే ఖర్చు కూడా అందులోంచి తగ్గించమని అడగండి.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. పన్నులు, ఫీజులు మారుతుంటాయి. కొనే ముందు లాయర్, ఇంజినీర్, బ్యాంకు అధికారుల సలహా తీసుకోండి.